ఇర్మి ఎక్కనన్న ఓడ

గోస్లార్,
మార్చి 3

ప్రియమైన తమ్ముడు లోతార్‌కి,

క్రిస్మస్ కార్డు కాకుండా నా చేతిరాతతో ఇంత కాగితం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. మీ బావ ఊపిరితిత్తులు ఎలా ఉంటాయనుకున్నామో అలాగే ఉన్నాయి. ముప్పయ్యొక్క ఏళ్ళు గనిలో పీల్చిన దుమ్ము ఎక్కడికి పోతుంది? మా వీధి ఎక్కడానికి ఇప్పుడు రెండు చోట్ల ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా ఎవరి కిటికీలోనో పూలకుండీలు మెచ్చుకుంటున్నట్టు నటిస్తారు. నేనూ నమ్మినట్టు నటిస్తాను.

అసలు సంగతి ఇది. పోయిన వారం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చి, కోటు జేబులోంచి రంగురంగుల కాగితం ఒకటి తీసి వంటింటి బల్ల మీద పరిచారు. రైన్ నది మీద ఓడలో విహారమట. అప్పటినుంచి ఆ కాగితం చక్కెర డబ్బా కిందే ఉంది. తీసి దాచేస్తే మళ్ళీ అక్కడే ప్రత్యక్షం.

"ఇర్మీ, ముప్పయ్యొక్క ఏళ్ళు నెత్తి మీద కొండ పెట్టుకుని పనిచేశాను. నాలుగు రోజులు నెత్తి మీద ఆకాశం పెట్టుకుని కూర్చోవాలనుంది. తప్పా?" అన్నారు.

"మన పెరట్లో ఆకాశం లేదా?"

"ఉంది. ఆ ఆకాశం కింద నువ్వు నన్ను కలుపు తీయమంటావు."

ఓడ నడిపేవాడివి కదా అని నీకే ఫోను చేసి అడగమన్నాను. "వాడి చెవుల్లో ఎప్పుడూ ఇంజను మోతే. ఫోన్లో వాడికేం వినిపిస్తుంది? ఉత్తరం రాయి," అన్నారు. కాగితాలు తెచ్చిందీ ఆయనే, పెన్నులో సిరా పోసిందీ ఆయనే. ఇప్పుడు ఎదురుగా కూర్చుని, రాస్తున్నానా లేదా అని చూస్తున్నారు.

ఆయన ప్రశ్నలు రాస్తున్నాను. ఓడ ఊగుతుందా? కడుపులో తిప్పుతుందా? భోజనానికి సూటు వేసుకోవాలా? మెట్లు ఎన్ని? ప్రతి ఊళ్ళోనూ దిగి జెండా పట్టుకున్న మనిషి వెనక నడవాలా? ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఒకే బల్ల దగ్గర తినాలా? మా హార్జ్ చీజ్ వెంట తెచ్చుకోనిస్తారా? (చివరిదానికి వద్దనే చెప్పు. ఆ కంపుకి జనం నదిలో దూకుతారు.)

నాకు కావలసింది నిజం. ఆ రంగు కాగితంలో ఉన్నది నేను చదివాను. జన్మలో ఓడ ఎక్కనివాళ్ళకి ఇలాంటిది నప్పుతుందా, నప్పదా? నప్పదంటే ఆ ఒక్క ముక్క రాసెయ్యి. చూపించి ఊరుకోబెడతాను. నా సంగతి మాత్రం అడక్కు. చెప్పుకోదగ్గ నది లేదనే ఈ కొండల ఊళ్ళో కాపురం పెట్టానని నీకు తెలుసు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ అక్క,
ఇర్మ్‌గార్డ్


కొలోన్,
మార్చి 11

ప్రియమైన ఇర్మి అక్కకి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాను. చలికాలమంతా మా ఓడ 'ఒటీలియా'ని ఇక్కడ కట్టేసి మరమ్మతులు చేస్తున్నాం. మా ఇంజన్ల మేస్త్రీ ఇష్త్వాన్, హంగరీవాడు, కవరు రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు.

"ఎవరు రాశారు కెప్టెన్?"

"మా అక్క."

"నీకు అక్క ఉందా!"

తొమ్మిదేళ్ళుగా ఒకే ఓడ మీద ఉన్నాం వాడూ నేనూ. ఆ మాట గుచ్చుకుంది. సరే, అది పక్కన పెడదాం.

బావకి చెప్పు: ఓడ ఊగదు. ఇది సముద్రం కాదు. రెండు పక్కలా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, ఒడ్డు మీద సైకిలు తొక్కేవాడి మొహం కూడా కనిపిస్తుంది. గ్లాసులో కాఫీ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో నా ఓడలో కడుపు తిప్పి పడుకున్నవాళ్ళంతా ఎక్కువ తిని పడుకున్నవాళ్ళే. సూటు అక్కర్లేదు. కాలరున్న చొక్కా ఒకటి చాలు. లిఫ్టు ఉంది, అయితే అది పై డెక్కు దాకా రాదు. చివరి పద్నాలుగు మెట్లు కాళ్ళతోనే ఎక్కాలి. ఊళ్ళలో దిగి తీరాలని లేదు. దిగనివాళ్ళకి ఓడంతా తమదే. ఆ రెండు గంటలు ఎంత హాయిగా ఉంటాయో దిగినవాళ్ళకి ఎప్పటికీ తెలియదు. బల్ల దగ్గర తెలియనివాళ్ళు ఉంటారు. మొదటిరోజు వాతావరణం గురించి మాట్లాడతారు, మూడోరోజుకి మోకాళ్ళ ఆపరేషన్ల దాకా వస్తారు. చీజ్ డబ్బాలో మూత పెట్టి తెమ్మను. నేను చూడనట్టు ఉంటాను.

నిజం కావాలన్నావు కనుక రెండోవైపు కూడా రాస్తున్నాను. గది చిన్నది. మంచం దిగితే తలుపు, తలుపు తీస్తే నడవా. కింది వరస గదుల్లో కిటికీ నీటికి జానెడు ఎత్తులో ఉంటుంది, తెరుచుకోదు. వెనక గదుల్లో ఇంజను మోత. రేవులో రెండు ఓడలు పక్కపక్కన కడతారు. పొద్దున్నే కర్టెన్ లాగితే పక్క ఓడలో ఒకాయన పళ్ళు తోముకుంటూ కనిపిస్తాడు. ఇక నది మన మాట వినదు. నీళ్ళు తగ్గితే ఓడ ఆగుతుంది, జనం బస్సు ఎక్కాలి. ఎప్పుడూ ఏదో ఒక సందడి ఉండాలనేవాళ్ళకి ఇది నప్పదు. పోయినేడు ఒక పళ్ళ డాక్టరు, "ఇక్కడ చేయడానికేం ఉంది?" అని నన్ను మూడుసార్లు అడిగి, కోబ్లెంజ్‌లో దిగి రైలెక్కి పోయాడు.

కానీ అక్కా, కూర్చోవడం వచ్చినవాళ్ళకి దీన్ని మించింది నాకు తెలియదు. పెట్టె ఒక్కసారి విప్పుతావు. తరువాత ఊళ్ళే నీ దగ్గరికి వస్తాయి. ఏప్రిల్‌లో తెల్లవారి కోబ్లెంజ్ దాటాక, పొగమంచు నీళ్ళ మీద నుంచి లేచి ద్రాక్షతోటల నడుముదాకా వచ్చి ఆగిపోతుంది. దాని పైన కోట ఒక్కటీ తేలుతున్నట్టుంటుంది. ఈ నది మీద పనిలో చేరింది మొదలు నలభై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర పక్కన ఎవరైనా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. కొండలో బతికిన మనిషికి కొండ బయటి మొహం చూపించాలని నాకూ ఉంది.

మొదటిసారే ఎనిమిది రోజులది వద్దు. నాలుగు రోజులది చాలు, కొలోన్ నుంచి స్ట్రాస్‌బుర్గ్ దాకా. రెండో అంతస్తులో నడిమి గది అడగండి. జూన్‌లో రండి. అక్టోబరు ఆఖరుకి నేను రిటైరవుతున్నాను. ఇంకో ఏడాది ఆగితే చుక్కాని దగ్గర ఎవరుంటారో చెప్పలేను.

నువ్వు కూడా రా అక్కా. ఇది అమ్మానాన్నల సరుకు పడవ 'ఎల్ఫ్రీడె' లాంటిది కాదు. బొగ్గు మసి లేదు, బట్టలు ఆరేసిన తాళ్ళూ లేవు.

నీ తమ్ముడు,
లోతార్


గోస్లార్,
మార్చి 24

లోతార్‌కి,

నా సంగతి అడగొద్దని రాశాను. నువ్వు అడగలేదు నిజమే, బట్టల తాడు తెచ్చి కళ్ళ ముందు కట్టావు.

మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. నాకు ఆరేళ్ళు నిండగానే నన్ను తీసుకెళ్ళి వోర్మ్స్‌లో పడవవాళ్ళ పిల్లల హాస్టల్లో దింపారు. బడికి వెళ్ళే వయసొచ్చిన పడవపిల్లలందరికీ అదే దారి, ఒప్పుకుంటాను. మేం పడుకునే హాలు మూడో అంతస్తు. చివరి కిటికీలోంచి నది కనిపించేది. 'ఎల్ఫ్రీడె' నెలకి రెండుసార్లు బొగ్గు నింపుకుని పైకి పోయేది, రెండుసార్లు ఖాళీగా కిందికి వచ్చేది. దాని పొగగొట్టం మీద ఎర్ర గీత ఉండేది. అది చూడగానే నేను స్టూలెక్కి కిటికీ అద్దానికి ముక్కు ఆనించేదాన్ని.

అమ్మ డెక్కు మీదే ఉండేది. ప్రతిసారీ. బట్టలు ఆరేస్తూ, నాకు వీపు పెట్టి. ఒక్కసారి కూడా తిరగలేదు, లోతార్. పడవ మలుపు దాటేదాకా ఆ వీపే. నువ్వు మాత్రం ఆవిడ ఏప్రన్ పట్టుకుని నా వైపే చూస్తూ నిలబడేవాడివి. పడవలో ఉన్నది నువ్వు. ఒడ్డున ఉన్నది నేను. మూడేళ్ళు అలా చూశాను. నాలుగో ఏడు నువ్వూ హాస్టలుకి వచ్చావు, నీ బూట్ల తాళ్ళు నేనే కట్టాను. నీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ నది ఆవిడది, నీది. నాది కాదు.

మీ బావకి చెప్పేశాను, వెళ్తే మీరొక్కరే వెళ్ళండని. "ఒక్కణ్ణీ వెళ్ళను," అన్నారు. "అయితే మానెయ్యండి," అన్నాను. రెండు రోజులుగా బంగాళాదుంపల సూపులో ఉప్పు ఎక్కువైందంటున్నారు. ఉప్పు సరిగ్గానే ఉంది.

నీ సలహాలకి కృతజ్ఞతలు. చాలా వివరంగా రాశావు.

ఇర్మ్‌గార్డ్


కోబ్లెంజ్,
ఏప్రిల్ 8

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం పది రోజులకి పైగా నా చొక్కా జేబులో ఉంది. ఇది నేను ముప్పై ఏళ్ళ కిందటే, అమ్మని మట్టి చేసిన రోజునే చెప్పాల్సింది. ఆ రోజు మధ్యాహ్నం రైలుకే నువ్వు వెళ్ళిపోయావు. తరువాత రోజులు గడిచిన కొద్దీ చెప్పడం కష్టమైంది. అందులో నా తప్పు కూడా ఉంది.

నువ్వు చేరిన మొదటి నెలల్లో అమ్మ నీకు చెయ్యి ఊపేది. తెల్ల తువ్వాలు పట్టుకుని రెండు చేతులూ ఊపేదట. నీకు గుర్తు లేదా? ఒకరోజు అది చూసి నువ్వు మూడంతస్తులూ దిగి, గేటు దాటి, రేవు మెట్ల మీదికి పరుగెత్తావు. కిందిమెట్టు నాచు మీద జారి నడుముదాకా నీళ్ళలోకి వెళ్ళిపోయావు. అక్కడ బల్లకట్టు నడిపే ఆయన జుట్టు పట్టుకుని లాగాడు. అమ్మ పడవ మీద నుంచి అంతా చూసింది. నిండా బొగ్గుతో ఎదురునీటికి పోతున్న పడవ, నాన్న ఆపలేకపోయాడు. మర్నాడు హాస్టల్ పెద్దావిడ ఉత్తరం రాసింది. పిల్ల ప్రాణం మీద ఆశ ఉంటే ఇకమీద పడవ మీద నుంచి చెయ్యి ఊపొద్దు, పిల్లకేసి చూడొద్దు అని. నాన్న అమ్మని లోపల కూర్చోమన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "చూడను. కానీ లోపల కూర్చోను. నేనున్నానని దానికి తెలియాలి," అంది. ఇదంతా నాన్న చెప్పగా తరువాత విన్నాను.

నాకు స్వయంగా గుర్తున్నది వేరు. వోర్మ్స్ దగ్గరికి రాగానే అమ్మ నన్ను పిలిచేది. బట్టలు తడిగా ఉన్నా, ఆరినా, తాడు దగ్గర నిలబడేది. నన్ను ఒడ్డు వైపు తిప్పి నిలబెట్టేది.

"ఉందా?"

"ఉందమ్మా."

"ఏం వేసుకుంది?"

"నీలం స్వెటరు."

"జడలు రెండా, ఒకటా?"

"రెండు."

"చిక్కిందా?"

నాలుగేళ్ళవాణ్ణి, చిక్కడం అంటే ఏమిటో నాకేం తెలుసు? "లేదమ్మా," అనేవాణ్ణి. మలుపు దాటేదాకా అలా అడుగుతూనే ఉండేది. చేతిలో ఒకే చొక్కా, తాడు మీద వేసేది, తీసేది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కొన్నిసార్లు కిటికీ ఖాళీగా ఉండేది. బడిలో ఉండేదానివేమో. "ఉందా?" అనేది అమ్మ. లేదన్న ఒక్కసారి ఆవిడ మొహం చూశాను. ఆ తరువాత ఎప్పుడూ లేదనలేదు. "ఉంది, నీలం స్వెటరు," అనేవాణ్ణి. జూలై ఎండల్లో కూడా నీలం స్వెటరే. అమ్మకి తెలిసే ఉంటుంది. ఎప్పుడూ ఎదురు అడగలేదు.

నది నీది కాదని రాశావు. మూడేళ్ళపాటు ఆ పడవలో మాట్లాడుకున్నది నీ గురించే.

రమ్మని అడగను. బావకి ఉప్పు తగ్గించు.

నీ తమ్ముడు,
లోతార్


గోస్లార్,
మే 2

ప్రియమైన లోతార్‌కి,

నీ ఉత్తరానికి జవాబు రాయడం నాకు చేతకావడం లేదు. మూడుసార్లు మొదలుపెట్టాను. నీళ్ళలో పడ్డది నాకు గుర్తు లేదు. కానీ ఎందుకో తెలియకుండా తడిసిన మేజోళ్ళ వాసన అంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. నీ ఉత్తరం చదివాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మీ బావ కాఫీ పెట్టి తెచ్చారు. ఆయన కాఫీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. తాగేశాను.

జూన్ 14న కొలోన్‌లో ఎక్కుతున్నాం. రెండో అంతస్తు, నడిమి గది, నువ్వు చెప్పినట్టే. చీజ్ సంగతిలో నేను ఓడిపోయాను.

ఒక్క షరతు. నన్ను చుక్కాని గదికి పిలవొద్దు, భోజనాల హాల్లో అందరికీ మా అక్క అని పరిచయం చేయొద్దు. నేను మామూలు ప్రయాణికురాలిని. రావాలనిపిస్తే నేనే వస్తాను.

ఉంటాను,
ఇర్మి


స్ట్రాస్‌బుర్గ్,
జూన్ 27

ప్రియమైన ఇర్మి అక్కకి,

క్షేమంగా చేరామని బావ పంపిన కార్డు అందింది. మీరు దిగిన రోజు రేవులో సరిగ్గా మాట్లాడటానికి కుదరలేదు. అరవై పెట్టెలు దిగుతున్నాయి, అరవై ఎక్కుతున్నాయి.

ముందు క్షమించమని అడగాలి. వసంతమంతా చినుకు లేక నీళ్ళు ఇంత తగ్గుతాయని మార్చిలో నాకు తెలియదు. మీరొచ్చిన వారమే ఇలా జరగాలా? కౌబ్ దగ్గర నా ఓడ అడుగుకీ రాతికీ మధ్య నాలుగు జానెలు కూడా లేవు. నత్తలా నడిపించాను. రూడెస్‌హైమ్‌లో ఆగాల్సినంతసేపు ఆగలేదు, మధ్యాహ్నం కార్యక్రమం రద్దు. మొదటిసారి వచ్చినవాళ్ళలో సగంమంది మొహాలు మాడ్చుకున్నారు. వాళ్ళని అననులే.

బావ గురించే నా బెంగ. ఆకాశం కింద కూర్చోవాలని వస్తే, నాలుగు రోజుల్లో ఆయన్ని పై డెక్కు మీద ఒక్కసారే చూశాను. ఆ పద్నాలుగు మెట్లే కారణమా? నిన్ననే ఇష్త్వాన్ తల గోక్కుంటూ వచ్చి ఒప్పుకున్నాడు. బావ మూడు రోజులూ ఇంజన్ల గది పక్కన వాడి పనిముట్ల గదిలో కూర్చున్నారట, నీటిమట్టానికి కింద. వాడి పాత పంపు ఒకటి విప్పి బాగుచేసి ఇచ్చారట. వంటాయన్ని కూడా పిలిచి పేకాట. చీజ్ ముగ్గురూ తిన్నారట. ప్రయాణికులు అక్కడ అడుగు పెట్టకూడదని ఓడ నియమం. ఇద్దర్నీ తిట్టాలి. తిట్టలేకపోయాను, ఆ పంపు రెండేళ్ళుగా ఏడిపిస్తోంది.

కానీ ఆయనకి ఓడ నప్పలేదేమో అక్కా. నిజం రాయి. తప్పుడు సలహా ఇచ్చానా?

నీ గురించి ఏమీ అడగడం లేదు. రోజూ పొద్దున్న ఆరింటికల్లా ఓడ ముందుభాగంలో బూడిద రంగు కోటు ఒకటి కనిపించేది. నేను చూశానని మాత్రం చెబుతున్నాను.

నీ తమ్ముడు,
లోతార్


గోస్లార్,
జూలై 9

ప్రియమైన నా తమ్ముడికి,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. కాఫీ పెట్టుకుని కూర్చో.

మొదటిరోజు పొద్దున పైకి వెళ్ళింది మీ బావ గురక భరించలేక. అంతే, వేరే కారణం లేదు. నువ్వు రాసిన పొగమంచు అక్కడే ఉంది, ద్రాక్షతోటల నడుముదాకా. కెంపు రంగు స్వెటరు వేసుకున్న ఒకావిడ పక్కకి వచ్చి, "ఎంత బాగుందో కదా!" అంది. నాకు కోపం వచ్చింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చి నవ్వుకున్నాను. రెండోరోజు గురక లేదు. అయినా వెళ్ళాను.

కౌబ్ దగ్గర నీ చుక్కాని గదికి వచ్చాను కదా. నువ్వు తిరిగి చూడలేదు. తలుపు చప్పుడు విని, "కుడి పక్క నిలబడు, అద్దానికి అడ్డం రాకు," అన్నావు, ఎవరో కూడా చూడకుండా. అరగంట నీ వెనకే నిలబడ్డాను. నీ చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయో! అంత పెద్ద ఓడని రాళ్ళ మధ్యనుంచి, నిద్రపోతున్న పిల్లని గుమ్మం దాటించినట్టు దాటించావు. కింద జనం కేకు తింటున్నారు. కాఫీ గ్లాసులు కదల్లేదు. ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. లోతార్, నా తమ్ముడు ఏం పని చేస్తాడో అరవై ఆరేళ్ళ వయసులో మొదటిసారి చూశాను. నోరు తెరిస్తే గర్వంతో ఏడ్చేస్తానేమో అనిపించింది. నువ్వు తిరిగి, నన్ను చూసి, "నువ్వా!" అన్నప్పుడు నేను ఒక్క ముక్కా మాట్లాడకుండా దిగిపోయింది అందుకే. కోపం వచ్చిందనుకున్నావేమో.

తరువాత వోర్మ్స్. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. హాస్టల్ ఇప్పుడు అపార్టుమెంట్లు చేసేశారు. మూడో అంతస్తు చివరి కిటికీలో ఎవరిదో సైకిలు కనిపించింది. నేను డెక్కు మీద ఆ కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను. అమ్మ నిలబడ్డట్టు. ఎంతసేపు నిలబడగలనో చూద్దామని. అక్కడ స్టూలెక్కి నన్ను చూసే పిల్ల ఎవరూ లేదు. ఖాళీ కిటికీ. అయినా మెడ వెనక ఎవరో పట్టి లాగినట్టుంది. మలుపు రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. రెండు నిమిషాలు కూడా గడవకముందే తిరిగి చూసేశాను.

ఆవిడ మూడేళ్ళు తిరగలేదు, లోతార్. నెలకి నాలుగుసార్లు. అంత బలం ఆవిడకి ఎక్కడినుంచి వచ్చింది? ఇన్నేళ్ళూ నేను ఆవిడ గుండె రాయి అనుకున్నాను. రెయిలింగ్ పట్టుకుని ఏడ్చాను. కెంపు రంగు స్వెటరావిడ వచ్చి, ఏమీ అనకుండా, చేతిరుమాలు ఇచ్చి వెళ్ళింది. ఆవిడ మంచిది. మొదటిరోజు కోపగించుకున్నందుకు సిగ్గేసింది.

ఇక, తప్పుడు సలహా ఇచ్చానేమో అని నువ్వు బెంగపడుతున్న మీ బావ సంగతి.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఇష్త్వాన్ ఒప్పుకున్నాడనేసరికి, "పిరికివాడు," అన్నారు. అప్పుడు నేను అడిగేశాను.

"ఆకాశం చూడాలని ప్రాణం తీశారు. తీరా వెళ్ళి నీళ్ళ కింద కూర్చున్నారు. మీకు నచ్చలేదా?"

"లాకులో బాగుంది. తడిగోడల మధ్య ఓడ పైకి లేస్తుంటే గనిలో లిఫ్టెక్కి పైకి వస్తున్నట్టే ఉంది. అందుకే ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కాను."

"లాకు సంగతి కాదు, ఆకాశం సంగతి."

"ఆకాశం మన పెరట్లో కావలసినంత ఉంది," అన్నారు, నా మాటే నాకు అప్పజెబుతూ.

నేను చేతిలో గరిటె కింద పెట్టాను. ఆయన చక్కెర డబ్బా ఇటూ అటూ తిప్పుతూ కూర్చున్నారు.

"ఆ కాగితం డాక్టరు దగ్గర దొరకలేదు ఇర్మీ. స్టేషను పక్క ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళి, మీ తమ్ముడి ఓడది ఉందా అని అడిగి తెచ్చాను. దారిలో ఐదుసార్లు ఆగాను."

"ఎందుకు?"

"నలభై నాలుగేళ్ళుగా చూస్తున్నాను. టీవీలో నది కనిపిస్తే లేచి వంటింట్లోకి పోతావు, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతావు. నీకు నా తరువాత ఎవరున్నారు? ఒక్క తమ్ముడు. వాడికి ఏడాదికొక కార్డు, అందులో రెండు లైన్లు. డాక్టరు నాతో ఏమన్నాడో నీకూ తెలుసు. నేనున్నప్పుడే ఈ పని అవ్వాలి కదా."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"చెబితే రాసేదానివా?"

రాసేదాన్ని కాదు. ఆయనకది తెలుసు. కాగితాలు ఎందుకు తెచ్చారో, పెన్నులో సిరా ఎందుకు పోశారో, ఫోను ఎందుకు వద్దన్నారో ఇప్పటికి నా బుర్రకెక్కింది. నీ ఏప్రిల్ ఉత్తరంలో ఉన్న మాటలు నువ్వు ఫోన్లో నాతో అనగలిగేవాడివా? నేను వినగలిగేదాన్నా? మూడు గంటలకోసారి మందు పీల్చే మనిషి, ఓడంటే ఇష్టమే లేని మనిషి, నా కోసం పెట్టె సర్దుకుని నాలుగు రోజులు నీళ్ళ మీద గడిపి వచ్చాడు. అదీ నేను చూడనిచోట కూర్చుని, నన్ను నా మానాన వదిలేసి. నాకు కోపం వచ్చింది. కాసేపటికి ఆయన పక్కనే కూర్చున్నాను, చెయ్యి పట్టుకుని. సూపు అడుగంటింది. ఆ రోజు మాత్రం ఉప్పు గురించి ఏమీ అనలేదు.

కాబట్టి మీ బావకి ఓడ నప్పిందా అంటే, ఇలా రాయమంటున్నారు: "ప్రయాణం అక్కర్లేదు, ఇష్త్వాన్ కావాలి. పేకలో వాడు నాతో ఇంకొక ఆట బాకీ." నన్నడిగితే, ఊరికే కూర్చోవడం వచ్చినవాళ్ళకి నప్పుతుందన్న నీ మాట నిజం. నాకు అది వచ్చని నాకే తెలియదు. అద్దాల దుకాణంలో ముప్పై ఏళ్ళు నిలబడే బతికాను, ఇంటికొస్తే ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాను. మీ ఓడలో నాలుగు రోజులు ఏమీ తుడవలేదు. గది చిన్నదన్నావు, నాకు ఆ గదే బాగుంది. కిటికీలోంచి పళ్ళు తోముకునే ఆయన కనిపించలేదు కానీ, షేవింగ్ చేసుకుంటున్న ఆయన కనిపించి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

అక్టోబరులో నీ ఆఖరి ప్రయాణం బాసెల్ నుంచి కొలోన్‌కి అని వంటాయన మీ బావకి చెప్పాడట. ఇద్దరికీ పేర్లు రాయించేశాను. నీళ్ళు తగ్గితే బస్సులో వస్తాం, మొహాలు మాడ్చుకోం. ఈసారి భోజనాల హాల్లో అందరికీ మా అక్క అని చెప్పుకో. చెప్పకపోతే నేనే చెబుతాను.

నీ భార్య అన్నా పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ ఓడ తప్ప నీకు ఇల్లంటూ లేదని నాకు తెలుసు. గోస్లార్ వచ్చి ఉండిపో అని నేననను. కొండల్లో నీకు ఊపిరాడదు. కానీ కొలోన్ రేవులో ఆ నిచ్చెన చివరిసారి దిగేటప్పుడు నువ్వు ఒక్కడివే దిగొద్దు. నీ సంచీ నేను పట్టుకుంటాను. మీ బావ వెనకాల నెమ్మదిగా వస్తారు, ఎక్కడైనా పూలకుండీలు ఉంటే ఆగుతూ. తరువాత ఎటు వెళ్ళాలో ముగ్గురం ఒడ్డు మీద నిలబడి ఆలోచించుకుందాం. మనకేం తొందర లేదు.

ప్రేమతో,
మీ అక్క ఇర్మి